టీవీ పెట్టెలో పైడమ్మ వార్తలు

నిన్న గజపతినగరంలో పాత సామాన్ల బండి మీద, లోపలి భాగాలన్నీ తీసేసిన టీవీ పెట్టె ఒకటి చూశాను. మన ఈడు వాళ్లకి గుర్తుందా, ఖాళీ పెట్టెలో తల పెట్టి వార్తలు చదివే ఆట?

మా పెరట్లో అలాంటి పెట్టె ఉండేది. లోపల దుమ్ము వాసన, మూలల్లో బల్లిగుడ్లు. మా ఇంట్లో అంట్లు తోమే ఆవిడ కూతురు పైడమ్మ ఒకరోజు అందులో తల దూర్చింది. ఆమె గొంతు వీధి చివరికి వినిపించేది.

"నమస్కారం. రేతిరి గాలికి మా పాక కప్పు ఎగిరిపోనాది. ఎవులికీ దెబ్బలు తగల్నేదు. ఇంకా గాలి వస్తాది."

పిల్లలు పడీపడీ నవ్వారు. పక్కింటి సుజాతక్క నన్ను చూపిస్తూ అంది: "ఒసే, టీవీలో అలాగ మాటాడేది పనిమనిసేనే. లెగు. కాన్వెంటు పిల్ల సదువుతాది."

సుజాతక్కదీ అదే యాస.

పైడమ్మ, "నిజమేనే. సీరియల్లో మనలాగ మాటాడినోలు సీపురట్టుకునే వస్తారు" అని, తల తీసి నన్ను కూర్చోబెట్టింది.

నేను నమస్కారం దగ్గరే ఆగిపోయాను. పైడమ్మ పెట్టె వెనక నక్కి, "సెప్పవే, బయమేటి? నానున్నాను కదా" అంటూ తన వార్తలే నాకు అందించింది. నేను వాటిని పుస్తకాల తెలుగులోకి మార్చి పలికాను. పాక కప్పు ఎగిరిపోయిందంటే ఈసారి ఎవరూ నవ్వలేదు. అందరికంటే గట్టిగా పైడమ్మే చప్పట్లు కొట్టింది.

ఆ తర్వాత పెద్దయ్యాక ఏమవుతావని ఎవరడిగినా, వార్తలు చదువుతానని చెప్పేదాన్ని. పైడమ్మని ఆ మాట ఎవరైనా అడగడం నేనెప్పుడూ వినలేదు.