వెంకట్రాజం కంచంలో పిజ్జా ముక్క

జనగామలో పప్పుల టోకు వ్యాపారం చేసే వెంకట్రాజానికి ఒకటే జబ్బు. శాంపిల్ చూడందే లోకంలో దేన్నీ నమ్మడు. బస్తాలోకి ఇనుప చువ్వ పొడిచి, నాలుగు గింజలు అరచేతిలో పోసుకుని, వెలుతురుకు పట్టి, వాసన చూసి, పంటి కింద నలిపితే గానీ ధర మాట్లాడడు. వ్యాపారంలో అది తెలివే. కానీ ఆయన ఆ తెలివిని దుకాణంలో పెట్టి తాళం వేసి రాడే!

కొడుకు ఉమేష్‌కు పిల్లను చూడ్డానికి గార్ల ఊరికి పోయినప్పుడు, పిల్లను కూర్చోబెట్టకముందే వాళ్లింటి కందిపప్పు డబ్బా తెప్పించుకున్నాడు. గింజ కొరికి, బస్తా సరుకును మెచ్చుకున్నట్టే, "మాల్ మంచిదే. ఖాయం చేసుకుందం" అన్నాడు. ఆ పిల్లే వినీత. మామ తనను చూసి ఒప్పుకున్నాడో, పప్పును చూసి ఒప్పుకున్నాడో ఆమెకు ఇప్పటికీ తెలియదు.

వినీత కొడుకు ధీరజ్‌కు అన్నం చూస్తే ఏడుపు. బడికి కట్టిచ్చిన డబ్బా ఎట్లా పోయిందో అట్లాగే తిరిగొచ్చేది. చూసి చూసి ఓ రోజు ఫోన్‌లో వీడియో పెట్టుకుని పెనం మీద పిజ్జా చేసింది. వాడు పళ్లెం నాకి పెట్టాడు. ఇక ఆ ఇంట్లో పొయ్యి మీద ఏమెక్కాలో చెప్పేది వాడే అయిపోయాడు. పచ్చిపులుసు పక్కకు జరిగింది, పాస్తా లోపలికొచ్చింది. ఉమేష్ సిగ్గు లేకుండా కొడుకు పార్టీలో చేరిపోయాడు.

అత్త వనమాల మాత్రం చీజ్ సాగడం చూసి హడలిపోయింది.

"ఏందిది వినీతా, తాడు లెక్క సాగుతుంది! దేవునికి నైవేద్యం వండే పొయ్యి మీద పెట్టేదేనా ఇది?"

"పాలతోనే చేస్తరు అత్తమ్మా."

"పాలు సాగుతయా? నాకే చెప్తున్నవా! ఇగ నా పొయ్యి మీద వద్దు. మీదంతస్తుల వేరే పొయ్యి పెట్టుకోండ్రి."

వినీత గబుక్కున పొయ్యి ఆపేసింది. వేరే పొయ్యంటే వేరు కాపురమే. కోడలే ఇల్లు విడగొట్టిందని ఊరంతా అంటుంది.

అప్పుడు భోజనానికి కూర్చున్న వెంకట్రాజం గొంతు సవరించుకున్నాడు. "శాంపిల్ చూడకుండ మాల్ వాపస్ చేస్తరా ఎక్కడన్న? ఓ ముక్క నా కంచంల వెయ్యి బిడ్డా."

ముక్కను వెలుతురుకు పట్టాడు. వాసన చూశాడు. తీగ ఎంతదాకా సాగుతుందో చూద్దామని చెయ్యి నెత్తి మీదికి ఎత్తాడు.

"తాతా, అది తినేది!" అని అరిచాడు ధీరజ్.

సగం తిని, "మాల్ మంచిదే" అని, మిగతా సగం కంచంలోనే విడిచి లేచాడు.

అందరి కళ్లూ వనమాల మీదికి పోయాయి. వనమాల పెళ్లయిన నాటి నుంచి భర్త తిన్న కంచంలోనే తింటుంది. అందులో మిగిలింది ఏనాడూ పారెయ్యలేదు. ఇప్పుడూ ఆ కంచం ముందే కూర్చుని, కళ్లు మూసుకుని ముక్క నోట్లో పెట్టుకుంది.

"ఉప్పు సరిపోలే" అంది కోడలితో. పొయ్యి మాట మళ్లీ ఎత్తలేదు.

అప్పటి నుంచి పిల్లవాడికి ఏం వండినా ముందు శాంపిల్ తాత కంచంలోకే. ముసలాయనకు రుచి మరిగిందని వినీత లోలోపల నవ్వుకునేది.

ఒక మధ్యాహ్నం వనమాల ఆమె చేతికి వాము నీళ్ల సీసా ఇచ్చింది. "మీ మామకు ఇచ్చి రా. నేనిచ్చిన్నని చెప్పకు."

దుకాణంలో వెంకట్రాజం పొట్ట పట్టుకుని బస్తాల మీద వాలిపోయి ఉన్నాడు.

"ఏమైంది మామయ్యా?"

"ఆ జిగురు నాకు అసలే పడది బిడ్డా. తిన్నప్పుడల్ల కడుపు బండైతది."

"మరి ఎందుకు తింటున్రు?"

"నా కంచంలకు రాంది మీ అత్తమ్మ నోట్లెకు పోదు. ఆమె కూడ తిన్నంక ఇగ పొయ్యి వేరు పెట్టుమని ఎట్లంటది? జర ఆమెకు చెప్పకు."

వినీతకు నవ్వూ ప్రేమా ఒక్కసారే ముంచుకొచ్చాయి. నీళ్లు ఎవరు కాచారని ఆయన అడిగితే, "నేనే" అని అబద్ధమాడింది.

ఇంటికి రాగానే వనమాల ఎదురొచ్చింది. "తాగిండా?"

"తాగిన్రు అత్తమ్మా."

"నా పేరు చెప్పలే కద?"

"చెప్పలే."

"మంచిగయింది. పాపం, ఆయనకు ఆ సాగేది అరగది. ఇగ నుంచి ముక్క ఉత్తగ ఆయన కంచంల పెట్టు, ఆయన ముట్టుకుంటె చాలు. తినుడు నేను తింట."