పెద్దక్క టైపు చేసిన దారి

ఆసుపత్రి డాక్టర్లు రికార్డు చేసిన మాటలు విని, రోగుల డిశ్చార్జి కాగితాలు టైపు చేసే ఆవిడను అందరూ పెద్దక్క అనేవారు. నలభై నాలుగో ఏట ఆవిడకు చూపు పూర్తిగా పోయింది. వేళ్లకు మాత్రం కీబోర్డు కంఠతా వచ్చు. తెరమీది అక్షరాలను చదివి వినిపించే ప్రోగ్రామ్ కూడా పెట్టారు. చిక్కల్లా ఆ రికార్డింగులను అందుకోవడంలోనే. అవి కింది అంతస్తు సర్వర్‌లో, అందరూ వాడే ఫోల్డర్‌లో ఉండేవి. మౌస్‌తో బొమ్మలు నొక్కుకుంటూ వెళ్లాలి. పూటకు పదిసార్లు పక్క సీటామెను పిలవాలంటే పెద్దక్కకు ప్రాణం చచ్చిపోయేది. ఉద్యోగం మానేద్దామనుకుంది.

కంప్యూటర్లు చూసే ఆయనను ఆవిడ బాబాయ్ అనేది. సంగతి ఆయన చెవిన పడింది. ఎనిమిదో రోజు కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు.

“మౌస్ అవతల పెట్టమ్మా. నేను చెప్పింది కొట్టు. నెట్, ఖాళీ, యూజ్, ఖాళీ, జెడ్, కోలన్. మళ్లీ ఖాళీ. వెనక్కి వాలిన గీతలు రెండు, సర్వర్ పేరు, ఇంకో గీత, ఫోల్డర్ పేరు. ఎంటర్.”

పని పూర్తయిందని యంత్రం చెవిలో పలికింది.

“ఆ ఫోల్డర్ నీ మెషిన్‌లో జెడ్ డ్రైవై కూర్చుంది. జెడ్, కోలన్ కొట్టి లోపలికెళ్లు. ఇప్పుడు డి ఐ ఆర్ కొట్టు, లోపలున్న ఫైళ్ల పేర్లు చదువుతుంది.”

ఎముకల డాక్టరు, పిల్లల డాక్టరు... ఒక్కో ఫైలు పేరూ వినబడసాగింది. జాబితా అయిపోయాక ఆవిడ మళ్లీ మొదటినుంచి వింది.

“ఇదంతా మీకెవరు నేర్పారు బాబాయ్?”

“వారంగా తెర ఆర్పేసుకుని నేనే తంటాలు పడ్డానమ్మా. ఎన్ని తప్పులు కొట్టానో!”

పెద్దక్క నవ్వబోయి, ముఖం అటు తిప్పుకుంది.

రెండేళ్ల తర్వాత ఒక ఉదయం ఎవరి మెషిన్లోనూ ఫోల్డర్ తెరుచుకోలేదు. సర్వర్ పేరును ఏ మెషినూ గుర్తుపట్టడం లేదు. బాబాయ్ కూతురి పురిటికని సెలవులో ఉన్నాడు. పెద్ద ఆసుపత్రికి తరలించాల్సిన పసిబిడ్డ కాగితాల కోసం తల్లి గుమ్మంలో నిలబడి ఉంది. పేరు పనిచేయనప్పుడు సర్వర్ నంబరు కొట్టమని బాబాయ్ ఒకసారి చెప్పి, ఆ నంబరు కంఠతా పట్టించాడు. సర్వర్ పేరుండాల్సిన చోట పెద్దక్క ఆ నంబరు కొట్టింది. ఫోల్డర్ తెరుచుకుంది. పావుగంటలో కాగితం తల్లి చేతికిచ్చి, కుర్చీల వీపులు పట్టుకుంటూ మిగతా ఐదు మెషిన్ల దగ్గరికీ వెళ్లి అదే కొట్టిపెట్టింది.

మధ్యాహ్నం బాబాయికి ఫోన్ చేసింది.

“మనవడా, మనవరాలా?”

“మనవరాలమ్మా! ఆఫీసులో అంతా బాగేనా?”

“బాగే బాబాయ్. మీరు నిదానంగా రండి.”