పీరు ఎవరిదని అడిగిన ఎస్సై

మా మండలంలో పోలీస్ స్టేషన్‌కు ఎదురుగా రేకుల షెడ్డు కింద తెలుగు టైపు మిషను పెట్టుకుని అర్జీలు రాసే రోజుల్లో నా మీద ఒక నింద ఉండేది. నా చేతిలో పడితే తప్పిపోయిన మేకపిల్ల మంద అవుతుందని, చెంపదెబ్బ హత్యాయత్నం అవుతుందని. అది నింద కాదు, పనితనం. ఉన్నది ఉన్నట్టు రాసిన కాగితం మీద మా స్టేషన్లో టీ గ్లాసు పెట్టేవాళ్లు. నేను రాసినదాని మీద గ్లాసు పెట్టాలంటే జిల్లాలో ఎవరికీ గుండె చాలదు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో ఒకసారి పీర్ల పండగ ఎండాకాలంలో పడింది. ఆ ఏడు ఎండకు రాప్తాడు దగ్గర హైవే మీద తారు కరిగి, పెన్నలో కలుద్దామని బయల్దేరి, పెన్నలో చుక్క నీళ్లు లేవని తెలిసి సిగ్గుపడి సగం దారిలో ఆగిపోయిందని నేను చాలామందికి చెప్పాను. ఇద్దరు నమ్మారు. మా ప్రాంతంలో వాన లేని ఏడు పీర్లకు మొక్కులు ఎక్కువ. పీరంటే ఇత్తడి హస్తం, దాన్ని కర్రకు బిగించి, రంగు గుడ్డలు చుట్టి, చావిడిలో నిలబెడతారు. చివరి రోజు తెల్లవారుజామున వాటిని ఎత్తుకుని నిప్పుల గుండం తొక్కుతారు. చావిడి చూసుకునే ముజావరు సాయిబు. పీరు ఎత్తుకునేవాళ్లలో నూటికి తొంభై తొమ్మిది మంది హిందువులు, ఆ మిగిలిన ఒక్కడు ఆ రోజు జ్వరంతో పడుకుని ఉంటాడు.

గుండానికి ముందురోజు పొద్దున నేను మిషను రిబ్బను మారుస్తుంటే పక్క ఊరి ముజావరు, ఒక రైతు సైకిళ్లు దిగారు. ముజావరు దూదేకుల మనిషి, పరుపులకు దూది ఏకే పని చేసేవాడు. ఇంట్లో మాట్లాడేది తెలుగే. చంకలో ఎర్రగుడ్డలో ఏదో చుట్టి పట్టుకున్నాడు. బల్ల మీద పెట్టమన్నాను. నా బల్ల మీద ఎంగిలి గ్లాసులు చూసి పెట్టనన్నాడు.

"ఏమైందప్పా?" అన్నాను.

"చావిడి తలుపు పగలగొట్టినారన్నా. పెద్ద పీరు కర్ర ఇరిసినారు. పీరుకు చెప్పులదండ ఏసినారు. గోడ మీద ఎర్ర రంగుతో రాసినారు."

"ఏమని రాసినారు?"

ముజావరు రైతువైపు చూశాడు. రైతు చెప్పాడు. "పండగలోపల సాయిబులు ఊరిడిసి పోవల్ల, లేకుంటే గుండంలో ఏస్తామని."

ఆ ఊళ్లో సాయిబుల ఇళ్లు మూడే. నేను ఎంత ఉబ్బించినా మూడున్నర కావు.

"చూసిందెవరు?"

"నేనే," అన్నాడు రైతు. "కరెంటు వచ్చిందని మోటరు ఏసేదానికి తెల్లారి పోతాంటి. ఇద్దరు చావిడిలో నుంచి వచ్చి బండి ఎక్కినారు. ఒకడు మా అన్న కొడుకు."

నేను రిబ్బను వదిలేశాను. ఆయన అన్నంటే ఆ ఊరికి పెద్ద తలకాయ. భూములు, క్వారీ, జీపు అన్నీ ఉన్నాయి. కొడుకు టౌనులో ఉంటూ ఈ మధ్య ఎక్కడెక్కడి మీటింగులకో పోయి వస్తున్నాడని విన్నాను.

"నా పెండ్లాం అప్పుడే మూటలు కట్టింది," అన్నాడు ముజావరు. "కొత్తచెరువులో కూతురింటికి పోదామంటాంది. నాకు పోబుద్ధి కాలేదు. కేసు రాసుకుంటే ఉంటాం. రాసుకోకుంటే సాయంత్రం బస్సెక్కుతాం. ఊళ్లో ఉండేదానికి నాకొక ఆధారం కావల్లన్నా. అట్ల రాయి."

నాకు వీరావేశం వచ్చింది. మిషను మీద వేళ్లు పెట్టి, దుండగులు ఇరవై మంది అని, మారణాయుధాలు అని, ఊరంతా హాహాకారాలు అని మొదలుపెట్టాను. నా టైపు చప్పుడుకు ఎదురుగా స్టేషన్ గోడ మీది కాకులు గార్లదిన్నె దాకా ఎగిరిపోయాయి. పక్కనుంచి చదువుతున్న రైతు నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఇరవై మందిని యాడనుంచి తెస్తివప్పా? ఆడ ఉండింది ఇద్దరే."

"బలం కోసమన్నా."

"రేపు కోర్టులో ఇరవై మంది పేర్లు చెప్పమంటే పద్దెనిమిది మందిని నువ్వు కని ఇస్తావా? నేను సాక్ష్యం చెప్పల్ల. నా అన్న కొడుకు మీద చెప్పల్ల. నిజానికే నాకు నోరు లేయడంలేదు, అబద్ధానికి యాడ లేస్తాది?"

ఆ కాగితం లాగేసి కొత్తది ఎక్కించాను. ఇద్దరు. ఒక తలుపు. ఒక కర్ర. చెప్పులదండ. గోడ మీది మాటలు ఉన్నవి ఉన్నట్టు. అంత పొట్టి అర్జీ నా జన్మలో అంతకుముందు రాయలేదు. చూడడానికి పెరికిన వేరుశనగ చేను మాదిరి బోడిగా ఉంది.

స్టేషన్లో ఎస్సై గోదావరి జిల్లా మనిషి. వచ్చి నెల కూడా కాలేదు. మా మాట ఆయనకు పక్క దేశపు రేడియో లాగా వినిపించేదేమో, చెవి ముందుకు పెట్టి వినేవాడు. చెడ్డవాడు కాదు. అర్జీ చదివి, పేర్లు అడిగి, ఒకరి తర్వాత ఒకరిని చూశాడు. అక్కడ పడింది పీటముడి.

వాళ్ల పేర్లు నేను రాయను. రాయకపోయినా ఆ తంటా చెప్పాలి. రైతు పేరు వింటే ఇప్పుడే నమాజు చేసుకుని వచ్చినట్టుంటుంది. ముజావరు పేరు చివర అప్ప ఉంది, ఏ గుడి ధర్మకర్తకు పెట్టినా సరిపోతుంది. మా వైపు ఇది ఎవరికీ వింత కాదు. ఎస్సైకి వింతని కూడా తెలియలేదు. సూటిగా తప్పులో కాలేశాడు.

"కంప్లైంటు ఇచ్చిన నువ్వు హిందువ్వి. చూసిన ఇతను ముస్లిం. చేసిందేమో హిందూ కుర్రాళ్లంటున్నారు. హిందువు హిందువు మీద పెట్టే కేసులో మతం ఎక్కడిదయ్యా? తలుపు పగలగొట్టారని రాసుకుంటాను. సాయంత్రానికి జామీను మీద పంపించేస్తాను."

ముజావరు ఎర్రగుడ్డలో చుట్టిన పీరును గట్టిగా పట్టుకున్నాడు. సాయంత్రానికి వాళ్లు బయటికొస్తే తెల్లారి గుండం దగ్గర ఏమవుతుందో ఆ గదిలో ఎస్సైకి తప్ప అందరికీ తెలుసు.

"సార్, నేను సాయిబును కాను, సాయిబు ఈయన," అన్నాడు రైతు.

"మరి ఆ పేరేంటి?"

"మా యమ్మకు నాకు ముందు పుట్టినోళ్లు బతకలేదు సార్. పీరుకు మొక్కుకుంటే నేను నిలిచినా. పీరు పేరే పెట్టినారు."

"మరి నీ పేరులో అప్ప ఏంటయ్యా?"

"మా నాయన పెట్టినాడు సార్," అన్నాడు ముజావరు. "మా నాయన పేరుకూ అప్పే ఉండాది."

ఎస్సై పెన్ను కింద పెట్టాడు. పైన ఫ్యాను తిరగడం మానేసి ఆయన ముఖం చూస్తోందని నాకనిపించింది. నిజానికి కరెంటు పోయింది.

"అయితే ఈ పీరు ఎవరి దేవుడు?"

"మా దేవుడు," అన్నారు ఇద్దరూ ఒకేసారి.

ఎస్సై లేచి కిటికీ దగ్గరికి పోయాడు. తిరిగి వచ్చి గొంతు తగ్గించాడు. "నా మాట వినండి. మతం కేసని రాస్తే పైనుంచి వ్యాన్లు దిగుతాయి. రేపటి పండగ ఆపేయమంటారు. అవతలి వాళ్లూ జనాన్ని పోగేస్తారు. తలుపు కేసయితే ఎవరి కంటా పడదు. మీ మంచికే చెబుతున్నా."

ఆ మాటలో భయం ఉంది, నిజం కూడా ఉంది. అయినా నేను రోడ్డు దాటి షెడ్డులోకి పరుగెత్తాను. నా దగ్గర తెలుగు శిక్షాస్మృతి పుస్తకం ఒకటుండేది. గాలివానకు రేకులు లేచిపోకుండా ఇన్నేళ్లు ఆపింది ఆ పుస్తకమే. తెచ్చి రెండు వందల తొంభై అయిదో సెక్షను తీసి హెడ్ కానిస్టేబుల్‌కు ఇచ్చాను. నేను చదివితే ఉబ్బించి చదివానంటారని భయం. హెడ్డుది ధర్మవరం పక్క. కళ్లజోడు పెట్టుకుని, వేలు ఆనించి, మెల్లగా చదివాడు.

"సార్, దీంట్లో హిందువుల దేవుడని, సాయిబుల దేవుడని లేదు. ఏ వర్గం ప్రజలైనా పవిత్రంగా చూసుకునే వస్తువును, వాళ్లను అవమానించల్లని పాడు చేస్తే అని ఉండాది. ఏ వర్గమైనా అంటే, ఈ ఊరోళ్లు కూడా ఒక వర్గమే గదా సార్. గోడ మీద రాసిండేదానికి ఇంకో సెక్షను ఉండాది, నూట యాభై మూడు ఏ. ఒకరి మీదికి ఒకర్ని ఎగదోసేది."

ఎస్సై పుస్తకం తీసుకుని తనే చదువుతున్నాడు. అప్పుడు బయట జీపు ఆగింది.

రైతు అన్న, ఆ ఊరి పెద్దమనిషి, లోపలికొచ్చాడు. చొక్కా తెలుపుకు స్టేషన్లో ఉన్న మా అందరి చొక్కాలూ ముఖం దాచుకున్నాయి. ఎస్సైకి నమస్కారం పెట్టి నేరుగా ముజావరు భుజం మీద చెయ్యేశాడు.

"ఏమప్పా, పిల్లనాయాళ్లు తెలీక చేసినదానికి స్టేషన్ దాకా వస్తారా ఎవరైనా? కర్రే గదా ఇరిగింది, ఇత్తడికి బదులు వెండి పీరే చేయిస్తా. తలుపు టేకుది పెట్టిస్తా. రాజీ చేసుకుందాం రా."

ముజావరు భుజం పక్కకు జరుపుకున్నాడు. పెద్దమనిషి తమ్ముడివైపు తిరిగాడు.

"నువ్వేమప్పా, నీ కొడుకు కాదా వాడు? చిన్నాయనా అని నీ ఎంబడి తిరిగినోడు గదా."

"తిరిగినాడు," అన్నాడు రైతు. "ఈ పొద్దున గూడా నన్ను చూసి చిన్నాయనా, ఎవరితోనూ చెప్పొద్దు అన్నాడు. అందుకే చెప్పల్సి వచ్చిందన్నా."

పెద్దమనిషి బయటికి చూశాడు. గుమ్మం అవతల ఆయనతో వచ్చినవాళ్లు మెట్ల మీదికి జరిగారు. నేను వాళ్లను లెక్కపెట్టబోయి, నా లెక్క మీద నాకే నమ్మకం లేక మానేశాను.

"ఏమయ్యా, రాజీ పడతావా?" ఎస్సై ముజావరును అడిగాడు.

"అన్నా," అన్నాడు ముజావరు పెద్దమనిషితో. "పీరు కర్ర ఇరిగితే నువ్వు చేయిస్తావు. నువ్వు కాకుంటే వడ్లాయన చెక్కి ఇస్తాడు. గోడ మీద ఉండేది పీరు గురించి కాదు. నన్ను పొమ్మని. నువ్వు ఎంత వెండి పెట్టినా ఆ మాట యాడికి పోతాది?"

"ఇది రాజీ పడే సెక్షను గూడా కాదు సార్," అన్నాడు హెడ్డు, పుస్తకంలోంచి తల ఎత్తకుండా.

ఎస్సై బయటి మెట్లవైపు చూశాడు. తర్వాత కుర్చీలో కూర్చుని పెన్ను తీశాడు. "ఎదర పండగుంది. రాత్రికి నేనే వస్తాను. ముందు ఆ గోడ ఎవరూ తుడవకుండా చూడండి," అన్నాడు.

రాసుకున్నదంతా ముజావరుకు చదివి వినిపించారు. ఏ వర్గం ప్రజలు అన్నచోట ఆయన ఆపమన్నాడు. ఇంకోసారి చదవమన్నాడు. విని సంతకం పెట్టాడు.

ఆ సాయంత్రం ఇద్దరు కుర్రాళ్లూ స్టేషన్లో ఉన్నారు. కొత్తచెరువు బస్సు వచ్చింది, పోయింది. ముజావరు భార్య ఎక్కలేదు, మూటలు కూడా విప్పలేదు. కాగితం మీద రాసుకుంటే సరిపోయిందా, తెల్లారి గుండం దగ్గర ఎవరేం చేస్తారో చూసి చెబుతానందట.

తెల్లవారుజామున నేను కూడా పోయాను. నిప్పులు అంత ఎర్రగా ఎప్పుడూ చూడలేదు, సూర్యుడు వచ్చి ఇక్కడ నా అవసరం లేదనుకుని వెనక్కి తిరిగాడేమోనని భయమేసింది. వడ్లాయన కొత్త కర్ర బిగించాడు. జనం ఎప్పటికంటే ఎక్కువ, మాటలు ఎప్పటికంటే తక్కువ. చావిడి గడపకు ఒక పక్క ఎస్సై, ఇంకో పక్క మూటల మీద కూర్చున్న ముజావరు భార్య. పీరు లేవడానికి ముందు చక్కెర తెచ్చి తమవాళ్ల పేరు మీద ముజావరు చేత ఫాతిహా చదివించుకునేవాళ్లు ఒక్కొక్కరే పోతున్నారు. ఉన్నట్టుండి వరస ఆగింది. జనం రెండుగా చీలారు.

పెద్దమనిషి భార్య వస్తోంది. చేతిలో చక్కెర పళ్లెం. వెంట ఎవరూ లేరు. ప్రతి ఏడూ వచ్చే మనిషే. ఆ రోజు వస్తుందని ఎవరూ అనుకోలేదు. గోడకు ఆనుకున్న ఎస్సై నిటారుగా నిలబడ్డాడు.

"చదివించన్నా," అంది పళ్లెం ముందుకు చాచి.

"ఎవరి పేరు మీద?" అన్నాడు ముజావరు. అది అందరినీ అడిగే మాటే.

"నా కొడుకు పేరు మీద."

గుండంలో ఒక మొద్దు పగిలింది. ముజావరు పళ్లెం అందుకున్నాడు. కళ్లు మూసుకుని ఆ పిల్లవాడి పేరు చెప్పి, మిగతావాళ్లకు చదివినంతసేపూ చదివాడు. ఒక్క మాట తగ్గించలేదు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అన్నా, కేసు," అంది.

"చదివింపు చదివింపేనమ్మా, కేసు కేసే. వాడు బెయిలు మీద వస్తాడు. వచ్చినంక ఈడికి పంపు, వానికి గూడా చదివిస్తా. కేసు మాత్రం తీసుకోను. తీసుకుంటే నేను ఊరిడిసి పోవల్ల."

ఆమె పళ్లెం కోసం చేతులు చాచింది. పళ్లెంలో సగం చావిడికి, సగం తెచ్చినవాళ్లకు. ముజావరు భార్యవైపు చూసి, "గిన్నె తీయి," అన్నాడు.

"గిన్నె మూటలో ఉండాది," అంది ఆమె.

"తీయి మరి."

ఆమె కొంచెంసేపు ఆయన ముఖం, ఎదురుగా నిలబడ్డ ఆ తల్లి ముఖం చూసింది. మూట ముందుకు లాక్కుంది. కట్టేటప్పుడు కోపంగా కట్టిందేమో, ముడి బిగుసుకుపోయింది. గోళ్లతో లాగింది, పళ్లతో లాగింది. పెద్దమనిషి భార్య వంగి రెండో కొస పట్టుకుంది.

"కొడవలి ఉంటే ఇయ్యండప్పా, కోద్దాం," అన్నారెవరో వెనకనుంచి.

"కోస్తే గుడ్డ పాడైతాది," అంది ముజావరు భార్య. "ఉండండి, వస్తాది."