అలల పలకకు ఏ పూత?

ఎనభైల్లో ఒకసారి నంద్యాలలో బస్సెక్కేసరికి నా ఒళ్లో థర్మకోల్ దిమ్మె, బుర్రలో గందరగోళం. సముద్రపు అలల మీద నిలబడి జారే పలకను ఇంట్లోనే చేయాలని ఉబలాటం. పైపూతకు పాలిస్టర్ రెజిన్ అనే జిగురు చౌకే, కానీ థర్మకోల్‌ను కరిగించేస్తుందట. ఎపాక్సీ రెజిన్ అయితే కరిగించదు; దాని ధరకు నేనే కరిగిపోతాను. తేలే పలక సంగతి తేల్చుకోలేక పక్కసీటు పెద్దాయనకు చెప్పుకున్నాను.

ఆయన దిమ్మెను నొక్కి చూశాడు. "ఈడ సముద్రం యాడుందప్పా? సరే, నీకు ఈత వస్తాదా?"

"రాదు."

"ఇంగేంది మరి? దీన్ని కోసి నడుముకు కట్టుకో. మా పిల్లోల్లు బెండు కట్టుకునే బాయిలో దుంకుతారు."

శిరివెళ్లలో దిగిపోయాడు. ఆళ్లగడ్డ దాకా నేను రెండు రెజిన్ల మధ్యే ఊగాను. ఇంటికెళ్లి రంపం తీశాను.

ఆ ఎండాకాలం బావిలో, ఏ పూతా లేని ఆ ముక్కలు నన్ను బాగానే మోశాయి.