ఎనిమిది వేళ్లతో బిగించిన ఇంజను

1. ఈ మంగళవారం ఉదయం, నా దుకాణం తలుపు పలకలు సగమే తీసి ఉండగా, ఎడపల్లి నుంచి రోజూ నిజామాబాదుకు పాలు తెచ్చే మనిషి సైకిలు దిగకుండానే, ఒక కాలు నేలకు ఆనించి, "సేటూ, మీ బోధన్ కాక తెల్లారుజామున పోయిండు" అని చెప్పాడు.

2. తీసిన పలకలను, తీసిన వరుసకు ఎదురు వరుసలో మళ్లీ పెట్టాను. వస్తువును అలా తీసి అలా పెట్టడం ఆయన దగ్గర నేర్చుకున్నదే.

3. బస్సులో బోధన్ చేరేసరికి ఆయనకు స్నానం చేయిస్తున్నారు. ఎవరో కొబ్బరి పీచుతో ఆయన గోళ్లలోని నలుపు తోమబోతే ఆయన భార్య, నేను చిన్నమ్మ అని పిలిచే ఆమె, చెయ్యి అడ్డం పెట్టింది. "తోమకుండ్రి. గది మురికి గాదు, ఆయన పని" అంది.

4. అన్నీ ముగిసి, కాలువలో కాళ్లు కడుక్కుంటున్నప్పుడు ఒక పెద్దమనిషి అన్నాడు: "మంచి మిస్త్రీ. గని డాక్టర్ సాబ్ బండి మాత్రం ఒక్కపారికి లేపలేకపోయిండు."

5. నేను బదులు చెప్పలేదు. చెప్పవలసింది. ఆ బదులే ఇప్పుడు పాఠకుల ముందు పెడుతున్నాను.

ఆయన నాకు రక్తసంబంధీకులు కారు. బోధన్ బస్టాండు వెనుక ఆయన మరమ్మతు కొట్టుకూ, అప్పట్లో నేను నడిపిన సైకిలు సామాను దుకాణానికీ మధ్య ఒకే గోడ ఉండేది. నాకంటే పదిహేనేళ్లు పెద్ద. ఊరంతా ఆయనను కాక అని పిలిచేది. నేనూ అలాగే పిలిచాను. చుట్టుపక్కల రైతుల నీటి పంపుల ఇంజన్లు, చెరకు గానుగల ఇంజన్లు ఆయన చేతి మీదుగానే నడిచేవి. ఆయన బడికి వెళ్లలేదు. నేను ఐదో తరగతితో ఆపి, తక్కినది నిఘంటువు పక్కన పెట్టుకొని నాకు నేనే చదువుకున్నాను. ఆయనకు చెయ్యి, నాకు కాగితం. మా స్నేహానికి ఇంతకన్నా మంచి వివరణ నా దగ్గర లేదు.

ఒక సీజనులో, ఒక పల్లెలో గానుగ బెల్టు సరిచేస్తుండగా ఆయన కుడిచేతి చివరి రెండు వేళ్లు పోయాయి. గాయం రెండు నెలల్లో మానింది. పని మాత్రం తిరిగి రాలేదు. ఇంజన్లను బండ్ల మీద వేసుకొని రైతులు ఆయన కొట్టు ముందు నుంచే నిజామాబాదుకు పోయేవారు. ఎవరూ ఆయనతో నేరుగా ఏమీ అనలేదు. వెనుక మాత్రం "ఎనిమిది వేళ్లాయన" అన్నారు. బియ్యం మిల్లులో కాపలాదారు పని ఉందని చిన్నమ్మ తమ్ముడు కబురు పంపాడు. ఆమె రోజూ ఆ మాట ఎత్తేది.

"గా పానాలకు తుప్పు వడుతుంటే సూసుకుంట కూసుంటవా? అమ్మెయ్యరాదు?"

"ఇంకొక్క ఇంజను రానియ్యి" అనేవారు కాక. "అది లేవకుంటే నేనే అమ్మి కాపలాకు పోత."

వచ్చిన ఆ ఒక్క ఇంజను మామూలు ఇంజను కాదు. పశువుల డాక్టరు గారి మోటారు సైకిలు, యుద్ధానికి ముందు విలాయతులో తయారైనది. ఒకప్పుడు దాని మీదే ఆయన పల్లెలు తిరిగేవారు. లోపల పిస్టన్ పట్టేసి నాలుగేళ్లుగా గోనెపట్టా కింద పడి ఉంది. నిజామాబాదులో ఒక మెకానిక్కు వేరే బండి పిస్టన్‌ను సానబట్టి ఎక్కిస్తానన్నాడట. కాక ఒప్పుకోలేదు.

"దాని సామాను దానికే పెట్టాలె సాబ్. లేకుంటే బండి నడుస్తది గని, అది మీ బండి గాదు."

"విలాయతు సామాను ఇప్పుడెక్కడ దొరుకుతుంది కాకా? వానాకాలం వెళ్లేసరికి నాకు బదిలీ. అప్పటికి లేస్తే దాని మీదే పోతాను. లేవకపోతే పాత ఇనుము కొట్టుకు తూకానికి ఇచ్చేస్తాను" అన్నారు డాక్టరు గారు.

విదేశీ సామాను దిగుమతి దాదాపు ఆగిపోయిన రోజులవి. అంగుళాలు, సూతుల లెక్క పోయి మిల్లీమీటర్లు వస్తున్న రోజులు కూడా. కొత్త బోల్టు పాత మరలో రెండు చుట్లు తిరిగి మొండికేసేది. డాక్టరు గారి దగ్గర ఆ బండి ఇంగ్లీషు పుస్తకం ఉంటే తీసుకొని, ఒక్కో భాగం పేరు నిఘంటువులో వెతికి, తెలుగులో పట్టీ రాశాను. సికింద్రాబాదుకు, బొంబాయికి, మద్రాసుకు ఉత్తరాలు రాశాను. ఎక్కువ వాటికి జవాబు రాలేదు. మూడో ఉత్తరానికి సికింద్రాబాదు నుంచి కనెక్టింగ్ రాడ్డు పెద్ద కన్నులో తిరిగే రోలర్లు పార్సెలులో వచ్చాయి. పిస్టన్, దాని రింగులు మాత్రం ఎక్కడా లేవు.

వాటి కోసం ఇద్దరం నాందేడు పోయాం. పాత సామాన్ల మరాఠీ వ్యాపారి మా ముందు ఒక బుట్టెడు రింగులు గుమ్మరించి "సగ్ళే ఏకచ్" అన్నాడు, అన్నీ ఒకటేనని. కాక కళ్లు బుట్ట మీద లేవు. వెనుక అరలో ఉన్న రేకు డబ్బా మీద ఉన్నాయి.

"అన్నీ ఒక్కటే అయితే గా డబ్బను ఎందుకు దాసినవ్ సేట్?"

వ్యాపారి నవ్వి డబ్బా దించాడు. మైనపు కాగితంలో చుట్టిన పిస్టన్, మూడు రింగులు. కాక ఒక రింగును ఎడమ చూపుడువేలికి తగిలించి గోటితో మీటి, నా చెవి దగ్గర పెట్టారు. సన్నగా, చాలాసేపు మోగింది. బుట్టలో రింగును మీటితే రేకు చప్పుడు చేసి ఊరుకుంది. "గిది పాడుతది. గది మొత్తుకుంటది" అన్నారు. తిరుగు ప్రయాణంలో ఆ పిస్టన్‌ను బోధన్ వచ్చేదాకా ఒళ్లోంచి దించలేదు.

ఇక నా తప్పు దగ్గరికి వస్తున్నాను.

ఇంజను విప్పుతున్నప్పుడు ప్రతి భాగానికీ ఒక అంకె ఇచ్చి చీటీ అంటించాలని పట్టుబట్టింది నేను. మా చెరకు ప్రాంతంలో ఇంట్లో జిగురు కొనేవాళ్లు తక్కువ. పిల్లల పుస్తకాల అట్టలు, డబ్బాల మీద పేర్లు, పతంగులు, అన్నీ ముదురు బెల్లం పాకంతోనే అంటించేవాళ్లం. నేనూ అదే వాడాను. వారం తిరక్కముందే ముసురు పట్టింది. చెమ్మకు పాకం కారి చీటీలు ఒక దాని మీదికి ఒకటి జారాయి. చీమలు బారులు కట్టాయి. కాక గుమ్మంలో నిలబడి నడుము మీద చేతులు పెట్టుకొని చూశారు.

"ఏంది కొడుకా, విలాయతు బండి గదా అని నైవేద్యం వెట్టినవా?"

అంతే. ఏ భాగం ఏదో చేత్తో తడిమి, గంటలో అన్నీ వరుస పెట్టేశారు. వాటిని కడిగే పని నాకు అప్పగించారు. కడిగాక నూనె రంధ్రాల్లోంచి నోటితో గట్టిగా ఊది, గాలి అవతలికి వస్తున్నదో లేదో చూడాలి. అది ఆయన పద్ధతి. నా పట్టీలో ప్రతి భాగం ఎదుట 'కడగడం, ఊదడం' అని ఒకే గడిలో రాసుకున్నాను. గాసునూనెతో, అంటే కిరోసిన్‌తో, మూడేసి సార్లు కడిగాను. పదిహేడో అంకె వేసిన షాఫ్టు వంతు వచ్చినప్పుడు కడగడం కాగానే గడిలో టిక్కు పెట్టాను. అంతలో గిరాకీ పిలిస్తే దుకాణంలోకి వెళ్లాను. ఊదలేదు.

"పదిహేడు అయిందా?" అని అడిగారు కాక.

పట్టీ చూసి "అయింది" అన్నాను.

"నీ కాయితం మీద ఉన్నదంటే అయినట్టే" అని ఆయన బిగించడం మొదలుపెట్టారు.

రెండు వేళ్లు లేని చెయ్యి ఎలా పనిచేసిందో చూసినవాణ్ని నేనే. రోలర్లను గ్రీసులో అద్ది ఒక్కొక్కటిగా ఎడమచేత్తో నిలబెట్టి, కుడిచేతి బొటనవేలితో అదిమేవారు. జారితే మొదటి నుంచి. పళ్లు కొరకడం, విసుక్కోవడం లేదు. "బలం ఎడ్లకుంటది. మనకు సబర్ ఉండాలె" అనేవారు. ఇంజను లోపలి రెండు బరువు చక్రాలు కలిపాక వాటి అంచు పక్కన సుద్ద ముక్క పట్టి తిప్పి, గీత పడిన చోట చెక్క సుత్తితో తట్టి, మళ్లీ తిప్పి, గీత చుట్టూ సమానంగా పడేదాకా మూడు రోజులు అదే పని చేశారు.

శనివారం మధ్యాహ్నం బండి తయారైంది. సోమవారం ఉదయం డాక్టరు గారి ప్రయాణం. ఆయన వచ్చారు, బస్టాండులో సగం మంది వెంట వచ్చారు. ఇంజన్లు ఎవరికివ్వాలో తేల్చుకోవాలని వచ్చిన రైతులూ ఉన్నారు. చిన్నమ్మ గడపలో నిలబడింది. కాక తలకు రుమాలు బిగించి కిక్కు మీద కాలు పెట్టారు. నేను ఊరకే పట్టీ మరోసారి పైనుంచి కిందికి చదువుతున్నాను. పదిహేడు దగ్గర నా వేలు ఆగింది. ఆ రోజు పిలిచిన గిరాకీ గొంతు కూడా గుర్తుకొచ్చింది. చీటీ అంటించింది సరిగ్గా ఆ షాఫ్టు చివరి నూనె రంధ్రం మీదే.

"కాకా, ఆగు" అని దగ్గరికి పోయి చెవిలో చెప్పాను. "పదిహేడు ఊదలే."

"టిక్కు ఉండే గదా?"

"కడిగినందుకు వెట్టిన."

ఆయన నన్ను ఒక్క క్షణం చూశారు. నూనె అందకుండా తిప్పితే నాందేడు, సికింద్రాబాదు సామానంతా ఐదు నిమిషాల్లో కరిగిపోతుందని ఇద్దరికీ తెలుసు. కాలు కిక్కు మీద నుంచి తీశారు.

"సాబ్, నాకే ఒక అనుమానం కొడుతున్నది. మళ్ల ఇప్పుత."

గుంపు గొల్లుమంది. "ఏం కాకా, లగ్గమైనంక పిల్లను సూసుడా?" అన్నాడు ఒకడు. నీలం చొక్కా రైతు ఒకతను "ఎనిమిదే గదా, లెక్క తప్పినట్టున్నది" అన్నాడు.

కాక పానా అతని ముందుకు చాపారు. "ఎనిమిదితోటి బిగించిన. నీకు పది ఉన్నయి గదా బిడ్డా, ఒక్కటి ఇప్పి సూపెట్టు."

అతను ముందుకొచ్చి బోల్టు పట్టుకొని మెడనరాలు ఉబ్బేదాకా గుంజాడు. బోల్టు కదల్లేదు. ఈసారి నవ్వు అటు తిరిగింది. కానీ బండి లేవలేదన్న మాట మాత్రం సాయంత్రానికి ఎడపల్లి దాటింది. కాలువ దగ్గర నేను విన్నది ఆ మాటే.

ఆ మధ్యాహ్నమే మొత్తం విప్పారు. షాఫ్టును నోటికి పెట్టుకొని ఊదారు. బుగ్గలు ఉబ్బాయి గానీ గాలి అవతలికి రాలేదు. నోరు తీసి నాలుకతో పెదవి తడిమి చూసుకున్నారు. తర్వాత దగ్గు వచ్చేంత నవ్వారు.

"తియ్యగున్నది కొడుకా! గాసునూనెకు బెల్లం కరుగుతదా? మీ చిన్నమ్మనడుగు."

ఉక్కుకు నీళ్లు తగలనివ్వడు ఏ మిస్త్రీ కూడా. కానీ బెల్లాన్ని కరిగించేది వేడినీళ్లే. చిన్నమ్మ పొయ్యి మీద పెద్ద గిన్నె పెట్టింది. "పప్పు కాగే గిన్నెల ఇంజను కాగుడు గిప్పుడే సూస్తున్న" అంటూనే మంట ఎగదోసింది. పానాలు అమ్మమని రోజూ అన్న మనిషి, ఆ ఆదివారం పొద్దంతా ఆ మాట ఎత్తలేదు. కడిగిన ముక్కను తన పాత చీర కొంగుతో తుడిచి, వేడి తగ్గకముందే నూనెలో ముంచి భర్త చేతికి అందించింది. కాక మళ్లీ రోలర్లు నిలబెట్టారు. మూడు రోజులు పట్టిన పని ఈసారి ఒక్క పూటలో కుదిరింది.

పని మధ్యలో అడిగాను. "తప్పు నాదని అందరి ముందట ఎందుకు చెప్పకపోతివి?"

"పానా వట్టినోడిదే గల్తి. నీ కాయితాన్ని నమ్మింది నేను గదా" అన్నారు తలెత్తకుండా. మరో రోలరు నిలబెట్టి, "రేపటి నుంచి కడుగుడు ఒక గీత, ఊదుడు ఒక గీత రాయి" అన్నారు.

నాటి నుంచి నా పట్టీల్లో ఒక గడికి ఒకే పని ఉంటుంది. కనుక పెద్దమనుషులారా, ఆ బండి శనివారం లేవకపోవడానికి కారణం నేను. తన చేతికి ఉన్న మంచి పేరును పక్కనపెట్టి ఇంజనును కాపాడినవారు ఆయన.

సోమవారం ఉదయం మూడో కిక్కుకు ఇంజను అందుకుంది. మొదట తడబడింది, తర్వాత ఒక్కో దెబ్బ విడివిడిగా, తొందరలేకుండా పలికింది. డాక్టరు గారు ఎడపల్లి దాకా పోయి తిరిగొచ్చి, దిగి, ఇంజను పక్కన చెయ్యి పెట్టి వేడి చూసుకొని, కాక భుజం పట్టుకున్నారు. సామాను లారీలో పంపి ఆయన బండి మీదే వెళ్లారు. ఆ చప్పుడు మలుపు తిరిగి వినిపించకుండా పోయేదాకా కాక కొట్టు ముందు నిలబడే ఉన్నారు.

అదే వారం, సన్నటి తుంపరలో, నా దుకాణం ముందు నుంచి రోడ్డు మలుపు దాకా ఎడ్లబండ్లు నిలిచాయి. ఒక్కో దాని మీద గోనెపట్టా కప్పిన ఇంజను. ప్రమాదం జరిగిన నాటి నుంచి కాక బజారులో ఆ కుడిచేతిని పైకెత్తగా నేను చూడలేదు. ఆ ఉదయం మాత్రం రోడ్డు మధ్యకు వచ్చి, ఆ చేతిని తలకంటే ఎత్తుగా లేపి ఊపుతూ, "ఎనుకకు, ఇంక జర ఎనుకకు" అంటూ ఒక్కొక్క బండినే కొట్టు లోపలికి రప్పిస్తున్నారు. వానచినుకులు ఆ మూడు వేళ్ల మీద నుంచి మోచేతి దాకా జారుతున్నాయి. ఎడ్లు ఆ చెయ్యి వంకే చూస్తూ వెనక్కి నడుస్తున్నాయి.

ఇది రాసి ముగించిన వేళ: ఉదయం ఏడు గంటల ఇరవై నిమిషాలు.
చిలువేరి లక్ష్మీనర్సయ్య