గొడవ పడుతూ మెట్లు దిగిన మోకాలు

ప్రమాదంలో మోకాలి పైదాకా కాలు పోయిన మా మరిది శ్రీనుకు కొత్త కృత్రిమ కాలు కోసం ఈ రోజు పంజాగుట్టలో అవి అమర్చే సెంటర్‌కు వెళ్లాం. మామూలు మోకాలు చాలని అతను, అడుగును బట్టి తనే వంగి నిలదొక్కుకునే కంప్యూటర్ మోకాలు కావాలని నేను. ధర విన్నాక నాకూ ధైర్యం సడలింది. ఒకసారి ఆ కంప్యూటర్ కాలు తొడుక్కుని మెట్లు దిగి చూడమన్నారు అక్కడివాళ్లు.

దిగుతూనే మొదలుపెట్టాడు.

"గీ పైసలతోని అమీర్‌పేటల ఇంకో జిరాక్స్ షాపు పెట్టొచ్చు వదినా! ఉన్న కాలుతోని నడుస్తలేనా? నాకు ఫోనుకే చార్జింగ్ పెట్ట యాదికుండదు, గీ కాలుకు సుత పెట్టాల్నా?"

"సరేలే, కింద చూసుకుని దిగు."

"ఏం చూడాలె?" అన్నాడు నా వైపు తిరిగి. అప్పటికే చివరి మెట్టు మీద ఉన్నాడు.

పాత కాలుతో మెట్లంటే తల వంచి, రెయిలింగ్ పట్టుకుని, మాట ఆపేసే మనిషి. అతనికీ అప్పుడే తెలిసినట్టుంది, ఖాళీగా ఉన్న చేతుల వైపు చూసుకుని నవ్వేశాడు.

ఆర్డర్ ఇచ్చేశాం. ఇంటికొచ్చాక, అంత డబ్బుకు తగినదేనా అని నాకు మళ్లీ అనుమానం. వాడుతున్నవాళ్లుంటే చెప్పండి.

ఇన్నాళ్లూ శ్రీనుతో వాదనలో నేను గెలిచేది మెట్ల మీద మాత్రమే. ఇవాళ్టితో అదీ పోయింది.