ఏం రాయమంటరు?

నేను చూపించిన కాగితం చదివి మా తల్లిగారి ఊరి సర్కారు దవాఖాన నర్సమ్మ నవ్వింది. ఆ నవ్వుకే నాకు మొదటిసారి భయమేసింది.

నా రొమ్ములో చిన్న గడ్డ తగిలి అప్పటికి నెల. పటాన్‌చెరు నెట్ సెంటర్‌లో మన రాష్ట్రం క్యాన్సర్ లెక్కల పేజీ ప్రింట్ తీయించుకున్నాను. మా వైపు లెక్క చాలా తక్కువగా ఉంది. దాన్ని చూసుకునే ధైర్యంగా ఉన్నాను.

ఊళ్లో ఎవరైనా చనిపోతే చావుకు కారణం రాసుకోవడానికి నర్సమ్మ రిజిస్టర్‌తో ఆ ఇంటికి వచ్చేది. పెన్ను మూత తీసి, "ఏం రాయమంటరు?" అని మెల్లగా అడిగేది. అది మర్యాద అనుకునేదాన్ని.

"గీ లెక్కలు నాసొంటోళ్లు రాసినయే బిడ్డా," అంది. "మీ అమ్మ పోయినప్పుడు కడుపునొప్పి అని రాసిన. రొమ్ముల గడ్డ అంటే నీ పెండ్లి ఆగుతదని మీ నాయిన నా చేతులు పట్టుకున్నడు."

అమ్మది కడుపునొప్పేనని నేనూ ఇన్నేళ్లు నమ్మాను. నర్సమ్మ లెక్కలు లోపలికి పోయేలా కాగితం మడిచి, అడుగున ఉన్న దవాఖానల పేర్ల మీద గోటితో గీసింది. "జల్దీ పో," అంది.

తెల్లారి బయల్దేరుతుంటే పిల్లలు ఎక్కడికని అడిగారు. కడుపునొప్పి అనబోయి ఆగాను.

"అమ్మకు రొమ్ముల గడ్డ అయింది, దవాఖానల చూపించుకుంట. ఎవరడిగినా గదే చెప్పుండ్రి."